మూడేళ్ల గ్రాంట్‌కు ఇరవయ్యేళ్ల ఈఎంఐ

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పిల్లల లుకేమియా (రక్త కేన్సర్) మీద పనిచేస్తున్నాను. పీహెచ్‌డీ తర్వాత రిసెర్చ్ అసోసియేట్‌గా ఇది రెండో ప్రాజెక్టు, ఇంకో 14 నెలలుంది. స్టైపెండ్ 61,000. హెచ్‌ఆర్‌ఏతో కలిపి 79,000 వస్తుంది. మావారు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, జీతం 36,000. నాలుగేళ్ల పాప. అద్దె 17,000తో కలిపి ఇంటి ఖర్చు 58,000. ఎఫ్‌డీలో 6.4 లక్షలున్నాయి. 10 లక్షల చిట్టీకి నెలకు 20,000 చొప్పున తొమ్మిది నెలలు కట్టాం, మొత్తం 50 నెలలు. ఏడాదికి 50,000 కట్టే ఎండోమెంట్ పాలసీ ఒకటి. నాన్నగారు బోడుప్పల్‌లో 62 లక్షల ఫ్లాట్ చూశారు. ఆయన 5.6 లక్షలు ఇస్తారు, మా ఎఫ్‌డీ కలిపితే 12 లక్షలు, మిగతాది లోను. ఇంకోవైపు జీనోమ్ వ్యాలీలో ఒక ఫార్మా కంపెనీ, మందుల అనుమతుల కోసం రెగ్యులేటరీ ఫైళ్లు తయారుచేసే ఉద్యోగానికి 16 లక్షల ప్యాకేజీ ఇస్తానంటోంది. నాకు ల్యాబ్ వదలాలని లేదు, జబ్బు పిల్లలను వదిలేసినట్టవుతుందేమోనని బెంగ. ఫ్లాట్ వద్దంటే నాన్నగారు నొచ్చుకుంటారు. సొంత హెల్త్ పాలసీ లేదు. ఏం చేయమంటారు? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు ఫ్లాట్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దు.

50 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 43,400. అద్దె మిగులుతుంది, కాదనను. మెయింటెనెన్స్ ఓ మూడు వేలు వేసుకోండి. ఇద్దరి ఆదాయం వస్తున్నంత కాలం పాలసీ ప్రీమియం కూడా తీసేస్తే నెలకు మూడు వేలు మిగులుతాయి. పదిహేనో నెలలో ప్రాజెక్టు అయిపోయి కొత్తది రాలేదనుకోండి. మీవారి 36,000 ఒక పక్క, ఇంటి ఖర్చు, ఈఎంఐ, చిట్టీ అన్నీ కలిపి కట్టాల్సింది 1,07,000 ఇంకో పక్క. నెలకు 71,000 లోటు, ఎఫ్‌డీ చూస్తే అప్పటికే బిల్డర్ చేతిలో. అదే అద్దె ఇంట్లో ఉంటే లోటు 42,000. ఎఫ్‌డీ ఒక్కటే మిమ్మల్ని 15 నెలలు నడిపిస్తుంది. పరిశోధన చేసేవాళ్లకు ఆ 15 నెలలే అసలు ఆస్తి. రిజిస్ట్రేషన్, కప్‌బోర్డుల ఖర్చు నేనింకా లెక్కలోకే తీసుకోలేదు. బ్యాంకు మీ స్టైపెండ్‌ను జీతంగా ఒప్పుకుంటుందా అన్నది మరో పేచీ.

ప్రాజెక్టు అయిపోతేనే ఇబ్బంది అనుకోకండి. నా దగ్గరికి వచ్చే ఒకాయన మీలాగే ఫెలో. గ్రాంటు డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఏదో టేబుల్ మీద ఆగిపోయి ఐదు నెలలు స్టైపెండ్ రాలేదు. రోజూ ల్యాబ్‌కు వెళ్లి పని చేస్తూనే ఉన్నాడు. మూడో నెలలో భార్య గాజులు గోల్డ్ లోన్‌కు వెళ్లాయి. డబ్బంతా ఒకేసారి వచ్చాక విడిపించుకున్నారు గానీ, ఆ వడ్డీ రసీదు ఇప్పటికీ ఆయన ఫైల్లో పైనే ఉంటుంది.

మీ రంగంలో ఇంకో చిక్కుంది, నాకంటే మీకే బాగా తెలుసు. పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు మందుల కోర్సే రెండు నుంచి మూడేళ్లు. ఆ తర్వాత కొన్నేళ్లు చూస్తే గానీ జబ్బు తిరగబెట్టలేదని ధైర్యంగా చెప్పలేరు. గ్రాంటేమో మూడేళ్లు. పంట చేతికి రాకముందే కౌలు గడువు తీరిపోయినట్టు! పైగా పెద్దల కేన్సర్‌తో పోలిస్తే రోగుల సంఖ్య తక్కువ కనుక కంపెనీలకు ఆసక్తి తక్కువ, భారమంతా ప్రభుత్వ నిధుల మీద, ట్రస్టుల మీద పడుతుంది. ఇలా ముగింపు తేదీ ఉన్న ఆదాయానికి ఇరవయ్యేళ్ల వాయిదా తగిలించడం మంచిది కాదని నేననేది అందుకే.

ఇక కంపెనీ ఆఫర్. 16 లక్షలనగానే ఇప్పటికంటే రెట్టింపు వస్తుందనిపిస్తుంది. విడగొట్టి చూద్దాం. వేరియబుల్ పే పది శాతం, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ తీసేస్తే స్థిరంగా వచ్చేది 13.3 లక్షల దగ్గర ఉంటుంది. అందులో మీ పీఎఫ్, ఆదాయపు పన్ను పోగా చేతికి నెలకు లక్షకు అటూ ఇటూ. మీకిప్పుడు వచ్చేది 79,000. స్టైపెండ్ మీద పన్ను పడుతుందా లేదా అన్న వాదన ఎప్పటి నుంచో ఉంది. కానీ కొత్త విధానంలో 12 లక్షల లోపే కనుక మీకు ఎలా చూసినా పన్ను సున్నా. అంటే నిజమైన తేడా 21,000, దానికి తోడు రెండు వాటాలూ కలిపి నెలకు 12,800 వరకు పడే పీఎఫ్. తక్కువేం కాదు. అలాగని ఇష్టంలేని పనికి పరుగెత్తాల్సినంత పెద్ద తేడా కూడా కాదు.

కంపెనీకి వెళ్తే జబ్బు పిల్లలను వదిలేసినట్టవుతుందేమో అన్న బెంగ మీ ఉత్తరంలో కనిపించింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తు చేసుకోండి. బోస్టన్‌లో చదువుకునే రోజుల్లో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి బతికారు. హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఇచ్చిన అమినాప్టెరిన్ అనే మందునే బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వార్డుల్లో పిల్లలకు ఇస్తూనే ఉన్నారు. అయితే మీకొచ్చిన ఉద్యోగం రెగ్యులేటరీ ఫైళ్లు తయారుచేసేదని రాశారు. సుబ్బారావు గారు వెళ్లింది అలాంటి ఉద్యోగానికి కాదు.

కాబట్టి నా మాట: ఇప్పటికి ల్యాబ్‌లోనే ఉండండి, ఒక గడువు పెట్టుకుని. 35 నిండే లోపు ఐదేళ్ల ఫెలోషిప్పో, శాశ్వత పోస్టో రాకపోతే అప్పుడు కంపెనీ వైపు చూడండి. జీవ వైద్య పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇచ్చే, మన ఊళ్లోనే ఉన్న ఇండియా అలయన్స్‌కు 2025 అక్టోబరులో కేంద్ర కేబినెట్ మూడో దశ ఆమోదించింది. మొత్తం 1,500 కోట్లు, అందులో 1,000 కోట్లు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ)వి, 500 కోట్లు వెల్‌కమ్ ట్రస్టువి. దరఖాస్తు పనికి ఈ 14 నెలల్లో మొదటి ఆరు వాడుకోండి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు వైపు కూడా ఒక కాలు వేసి ఉంచండి. 2023లో మొదలైన జాతీయ మిషన్ 2047 దాకా లక్ష్యం పెట్టుకుంది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. రక్తకణాలను లేజర్ వెలుగుతో గుర్తించి లెక్కించే ఫ్లో సైటోమెట్రీ మీ చేతిలో ఉందంటే ఆసుపత్రుల డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు కూడా మీకు తలుపు తీస్తాయి.

చిట్టీని అత్యవసర నిధి అనుకోకండి. పాట పాడుకుని ఎత్తాలంటే ష్యూరిటీలు అడుగుతారు. కాంట్రాక్టు ఉద్యోగులకు అవి దొరకడం ఎంత కష్టమో ఆ రోజు గానీ తెలియదు. చివరి దాకా ఉంచి తీసుకోండి. ఎండోమెంట్ పాలసీని పెయిడప్ చేసి (అంటే ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినంత మేరకే కొనసాగించి), మీ ఇద్దరికీ టర్మ్ పాలసీలు తీసుకోండి, కొత్తది చేతికి వచ్చాకే పాతది ఆపండి. పాలసీ ఇచ్చేవాళ్లు ఆదాయ రుజువు అడుగుతారు. మీకు ఫారం 16 రాకపోవచ్చు కనుక పన్ను లేకపోయినా ఏటా రిటర్న్ వేయండి. రేపు హోమ్ లోన్‌కు కూడా అవే కాగితాలు పనికొస్తాయి.

మీకు పీఎఫ్ లేదు కదా, మీకు మీరే యజమాని అనుకుని నెలకు 12,500 పీపీఎఫ్‌లో వేయండి. ఏడాదికి 1.5 లక్షలు, అంతకు మించి తీసుకోరు కూడా. వడ్డీ 2020 నుంచీ 7.1 శాతమే, మెరుపులేం లేవు. ఇంకో 10,000 ఇండెక్స్ ఫండ్‌లో సిప్. స్టైపెండ్ ఆగిన నెలలో సిప్ ఆపేయండి, మొహమాటపడొద్దు.

రోజంతా పిల్లల రక్తం నమూనాలు చూసే మీకు సొంత హెల్త్ పాలసీ లేదు! సంస్థ ఇచ్చే వైద్య సదుపాయం ప్రాజెక్టుతోనే పోతుంది. కుటుంబమంతటికీ 10 లక్షల ఫ్లోటర్ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

నాన్నగారు నొచ్చుకుంటారని కదా మీ టెన్షన్. 71,000 లోటు లెక్క ఒక కాగితం మీద రాసి చూపించండి. ఆయనకు అరవై దాటితే ఆ 5.6 లక్షలు ఆయన పేరునే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టమనండి, పోస్టాఫీసులో తెరవొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 11,000 పైచిలుకు వస్తుంది. అది మనవరాలి స్కూల్ ఫీజుకని ఇస్తానంటే మాత్రం వద్దనకండి.