చరిత్ర ఆట నడపబోతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,
బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన రూల్స్ రెండుసార్లు చదివాను. ఒక్కొక్కరు ఒక్కో దేశాన్ని నడుపుతూ, ఏం చేయాలో ఆర్డర్లు రాసి పంపే ఆట. 1805లో మొదలయ్యే యూరప్, పన్నెండు మంది ప్లేయర్లు, వారానికో టర్న్, ఫలితాలు తేల్చే మోడరేటర్ నువ్వు. నలభై పేజీలు రాశావంటే ఎంత ఇష్టంగా కూర్చున్నావో తెలుస్తోంది. "నిజంలా ఉండాలంటే ఫ్రాన్స్ బలంగా ఉండాలి, అది బలంగా ఉంటే మిగతావాళ్లకు అన్యాయం, ఏం చెయ్యను బాబాయ్?" అని అడిగావు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఆటలు నడుపుతున్నాను కాబట్టి నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నా తొలి ఆటలో ఒక కుర్రాడు చిన్న రాజ్యం తీసుకున్నాడు. ఎప్పుడూ కొట్టుకునే రెండు పెద్ద దేశాల మధ్య నెల రోజులు ఉత్తరాలు నడిపి సంధి కుదిర్చాడు. ముగ్గురి ఆర్డర్లూ నా దగ్గరికి వచ్చాక, "ఆ రోజుల్లో ఇది జరిగే పని కాదు" అని కొట్టేశాను. అతను ఒక్క మాట అనలేదు. మరుసటి టర్న్ నుంచి ఆర్డర్లు పంపడం మానేశాడు. చరిత్రను కాపాడానని ఆ రోజు అనుకున్నాను. నేను కాపాడింది నా బుర్రలో ఉన్న కథని. అతని నెల రోజుల కష్టం నా చేతుల్లో పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ప్లేయర్ ఏదైనా అడిగితే "కాదు" అనను. దానికి ఎంత ఖర్చవుతుందో, ఎన్ని టర్న్‌లు పడుతుందో చెబుతాను. ఆ లెక్క అందరికీ ముందే తెలిసేలా రాసిపెడతాను. నిజమూ న్యాయమూ రెండూ అక్కడే కలుస్తాయి.

ఉదాహరణకి, నీ ఆటలో ఎవరో ఒకరు 1806లోనే "రైల్వే వేస్తాను" అంటారు. తప్పకుండా అంటారు, చూడు. నీ పన్నెండో రూల్ ప్రకారం అది నిషేధం. కానీ ఇంగ్లీషు ఇంజనీరు ట్రెవితిక్ చేసిన ఆవిరి ఇంజను 1804లోనే వేల్స్‌లో పట్టాల మీద నడిచింది. పోత ఇనుప పట్టాలు దాని బరువుకు ఆగలేక విరిగిపోయాయి. ఇంగ్లండ్‌లో స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైలు దారి తెరిచేసరికి 1825 వచ్చింది. కాబట్టి "వేసుకో, కానీ ముందు గట్టి ఇనుము చేసే పరిశ్రమ కావాలి, దానికి ఇంత డబ్బు, ఇన్ని టర్న్‌లు" అని చెప్పు. పదిమందిలో తొమ్మిదిమంది లెక్క చూసుకుని మానుకుంటారు. పదోవాడు పూనుకుంటే సైన్యానికి డబ్బు చాలదు, పక్కవాళ్లు అది గమనిస్తారు. ఆట నిజంగా రంజుగా మారేది అప్పుడే.

ఇక ఫ్రాన్స్ సంగతి. దాని సైన్యాన్ని తగ్గించకు. అలా తగ్గిస్తే ఫ్రాన్స్ ఫ్రాన్స్‌లా ఉండదు, ఆ దేశం తీసుకున్నవాళ్లకూ కోపం వస్తుంది. పెద్ద సైన్యానికి నిజంగా ఉండే ఇబ్బందులు పెట్టు. 1812 జూన్‌లో నెపోలియన్ నాలుగు లక్షలకు పైగా సైన్యంతో నీమెన్ నది దాటి రష్యా మీదికి వెళ్లాడు. సెప్టెంబర్‌లో మాస్కోకి ముందున్న బొరొడినో దగ్గర యుద్ధానికి నిలబెట్టగలిగింది లక్షా ముప్పై వేల మందిని. మిగతావాళ్లలో ఎక్కువమంది యుద్ధంలో పోయినవాళ్లు కాదు. ఆకలి, రోగాలు, పారిపోవడం, వెనక దారులు కాపలా కాయడానికి వదిలిన దళాలు. దీన్ని రూల్‌గా రాయడానికి నువ్వు రాసినట్టు ఆరు పేజీల సప్లై పట్టికలు అక్కర్లేదు. "డిపోకి (సైన్యం సరుకుల గిడ్డంగికి) రెండు ప్రావిన్సులు దాటి వెళ్లిన సైన్యం ప్రతి టర్న్‌లో పదోవంతు తగ్గుతుంది" అంటే చాలు. ఈ ఒక్క వాక్యం అందరికీ సమానమే, కానీ లక్ష మంది ఉన్నవాడికి పోయేది పది వేలు, పది వేలు ఉన్నవాడికి వెయ్యి. ఆ ఆరు పేజీలు తీసెయ్. పట్టికలు ఎక్కువైన కొద్దీ వాటిని చదివే ఓపిక ఉన్నవాళ్లే గెలుస్తారు.

మొదట్లోనే బలాలు సమానంగా ఉండాలన్న టెన్షన్ కూడా వదిలెయ్. 1959లో వచ్చిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో ఏడు దేశాలుంటే రష్యాకి మాత్రం నాలుగు దళాలు, మిగతా అందరికీ మూడే. పాచికలు లేవు, అందరి ఆర్డర్లూ ఒకేసారి తెరుస్తారు. ఎవరు పెరుగుతున్నారో మ్యాప్ మీద అందరికీ కనబడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఒకటవుతారు. ఫ్రాన్స్‌కి పగ్గం వేసేది ప్రధానంగా ఆ పదకొండు మందే. వాళ్లు రహస్యంగా మాట్లాడుకోవడానికి చోటూ సమయమూ ఇవ్వడం నీ పని.

చిన్న దేశాల విషయంలో మాత్రం నీ తొమ్మిదో రూల్ తప్పకుండా మార్చాలి. "రాజధాని పోతే ప్లేయర్ ఔట్" అని రాశావు. 1807 నవంబర్ చివర్లో ఫ్రెంచి సైన్యం లిస్బన్ చేరేసరికి పోర్చుగల్ రాజకుటుంబం, కొలువు మొత్తం ఓడలెక్కి బ్రెజిల్ దారి పట్టింది. రాజధాని పోయింది, రాజ్యం బతికింది. నీ రూల్ ప్రకారం ఆ ప్లేయర్ ఇంటికి వెళ్లిపోవాలి! ఇక్కడ నీ రూల్ న్యాయంగానూ లేదు, నిజంగానూ లేదు. అందరికీ ఒకే గెలుపు షరతు పెట్టకుండా, ఒక్కో దేశాన్నీ అసలు చరిత్రలో దానికి పట్టిన గతితో పోల్చి లెక్కవెయ్యి. 1815 దాకా వలస రాజ్యాలు నిలబెట్టుకున్న పోర్చుగల్, సగం యూరప్ పట్టి మళ్లీ పోగొట్టుకున్న ఫ్రాన్స్ కంటే పైన ఉండొచ్చు. అప్పుడు బలహీనమైన దేశాన్ని కూడా ఎవరో ఒకరు కోరి తీసుకుంటారు.

ఇప్పుడు నీ గురించి. అంటే మోడరేటర్ తీర్పుల గురించి. ఈ గొడవ నీతో మొదలైంది కాదు. ప్రష్యా సైన్యం 1824లో అధికారుల శిక్షణకు తీసుకున్న క్రీగ్‌స్పీల్ అనే యుద్ధపు ఆటలో 1:8000 స్కేలు మ్యాప్, పాచికలు, నష్టాల పట్టికలు ఉండేవి. ఒక్కో టర్న్ అంటే రెండు నిమిషాల యుద్ధం. రూల్స్ బరువెక్కి ఆట నత్తనడక నడుస్తోందని 1876లో ప్రష్యా సైన్యాధికారి వెర్డీ దు వెర్న్వా పాచికలూ పట్టికలూ పక్కనపెట్టి, అంపైర్ తన అనుభవంతో చెప్పిందే ఫలితం అన్నాడు. అక్కడ అది కుదిరింది, ఎందుకంటే అంపైర్ యుద్ధం చూసిన పై అధికారి. నీ ప్లేయర్లు నీ స్నేహితులు, నీ మాట వినాలని వాళ్లకేం లేదు. అందుకని చిన్న విషయాలు నీ తీర్పుకి వదిలినా, సైన్యాలు, ప్రావిన్సులు పోయే చోట మాత్రం రాసిన లెక్కా, అందరి ముందు వేసిన పాచికా ఉండాలి.

వేసిన పాచికను మాత్రం ఎప్పుడూ మార్చకు. 1942 మేలో, పసిఫిక్‌లోని అమెరికా దీవి మిడ్‌వే మీద దాడికి ముందు, జపాన్ నౌకాదళం ఆ యుద్ధాన్ని ఆటగా ఆడి చూసింది. అమెరికా విమానాల దాడికి పాచికలు వేస్తే తొమ్మిది దెబ్బలు పడ్డాయి. ఆట నడుపుతున్న అడ్మిరల్ ఉగాకి వాటిని మూడుకు తగ్గించాడని ఆ దేశపు నౌకాదళ అధికారులే తర్వాత రాశారు. జూన్‌లో నిజంగా వెళ్లిన నాలుగు పెద్ద విమానవాహక నౌకలూ మునిగిపోయాయి. నీకు నచ్చని ఫలితం వచ్చినప్పుడు ఇది గుర్తుతెచ్చుకో.

వాదనలకు హద్దు పెట్టు. చరిత్ర బాగా చదివినవాడు పేజీలకు పేజీలు రాసి నిన్ను ఒప్పిస్తాడు, చదవనివాడు నోరు మూసుకుంటాడు. అది కూడా అన్యాయమే. అభ్యంతరం ఒక పేరాలో, డెడ్‌లైన్‌కి ముందు రావాలి. నీ రూల్ తప్పని తేలితే ఒప్పుకో, కానీ మార్పు వచ్చే టర్న్ నుంచి, అందరికీ. ఆర్డర్లు పంపనివాళ్ల సైన్యం ఉన్నచోటే ఉంటుందని ముందే రాయి. నువ్వు మాత్రం ఏ దేశమూ తీసుకోకు, ఎంత చిన్నదైనా సరే.

ఆట మొదలుపెట్టే ముందు నలుగురితో మూడు టర్న్‌లు ఆడి చూడు. తొమ్మిదో రూల్ మార్చాక పోర్చుగల్ నాకివ్వు. మొదటి టర్న్‌లోనే ఓడలు సిద్ధం చేయమని ఆర్డర్ పంపుతాను. నీ రూల్స్ ఏం జవాబు చెబుతాయో ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
బాబాయి