‘ఇక నా పని అయిపోయింది’ అంటున్నారు నాన్న

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నాన్నకు 56 ఏళ్లు. పట్టు చీరలు నేస్తారు. పది వారాల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు గానీ వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. ‘ఇక నా పని అయిపోయింది, మందులు దండగ’ అంటూ గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. ధైర్యం చెబితే కసురుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మూడింటికే లేచి కూర్చుంటున్నారని రాశారు చూడండి, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యంగా తోచింది. మీరు ఆయనది మొండితనం అనుకుంటున్నారేమో. నాకైతే డిప్రెషన్‌లా కనిపిస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇది వస్తుంది. మెదడుకు రక్తం అందనప్పుడు చేతిని కదిపే భాగమే కాదు, మనసును నిలబెట్టే భాగాలూ దెబ్బతినొచ్చు. దానికితోడు ఇన్నేళ్లు మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి ఒక్క రాత్రిలో పరాయిదైపోయింది. దిగులు రాకుండా ఎలా ఉంటుంది?

కసురుకోవడానికీ కారణం ఉంది. ‘ఏం కాదు నాన్నా, అంతా నయమైపోతుంది’ అని మీరు అంటుంటారు. ఆయన తన వేళ్ల వంక చూసుకుంటారు. అవి మీ మాటకు సాక్ష్యం చెప్పడం లేదు. ఆయన మళ్లీ కుంభం అంచు చీర నేస్తారని నేను కూడా రాసి ఇవ్వలేను. వేళ్ల పనితనం తిరిగి రావడానికే ఎక్కువ కాలం పడుతుంది. అయితే కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. మీరింకా పదో వారంలోనే ఉన్నారు. మంచి రోజులు గోడవైపు తిరిగి పడుకోవడంలో పోతున్నాయి, నా బాధల్లా అదే.

అందుకని మాటలు తగ్గించి లెక్క మొదలుపెట్టండి. ఇంట్లో నేతదారం చుట్టే కండెలు ఉంటాయి కదా. ఇరవై కండెలు ఒక పళ్లెంలో పోసి, పక్కన ఖాళీ పళ్లెం పెట్టండి. కుడిచేత్తో రెండు నిమిషాల్లో ఎన్ని మార్చగలిగారో గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. మొదటిరోజు రెండే కావచ్చు, సున్నా కూడా కావచ్చు. సున్నా అయితే కండెను వేళ్లతో తాకి దొర్లించినా చాలు, అదే రాయండి. పొద్దున, సాయంత్రం చేయించండి. మెదడు కొత్త దారి వేసుకునేది ఇలా పదేపదే చేస్తేనే. వారం తర్వాత ఆ గడులు ఆయన్నే చదవమనండి. మీరు మధ్యలో దూరి పొగడకండి. లేపి కూర్చోబెట్టేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది.

బీపీ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా రాసిచ్చిన మందు ఆపితే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఈ విషయంలో బతిమాలినా, అలిగినా తప్పులేదు. పావురం రక్తం రాయమని చెప్పేవాళ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటారు. దానివల్ల పోయేది డబ్బు, పావురం, అన్నిటికన్నా విలువైన సమయం. పరామర్శకు వచ్చి ‘మా మామయ్యకూ ఇలాగే వచ్చింది, ఏడాది తిరక్కుండా పోయాడు’ అనేవాళ్లను గుమ్మంలోనే కాఫీ ఇచ్చి పంపేయండి.

ఈ వారంలోనే ఆయన్ని మానసిక వైద్యుడికి చూపించండి. మీ ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. మందు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ‘పనిచేయలేదు’ అని మానొద్దు. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తప్పక చూపించండి, రక్తం పలచబడే మందుతో కొన్నిటికి పొసగదు.

ఇంకొకటి అడగాలి, సూటిగానే. ‘నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని ఆయన్ని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం అక్కర్లేదు, చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మీకు టెన్షన్ ఎక్కువైనా చేయొచ్చు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు క్యాలెండర్‌లోని ఆ కాగితం కూడా చించి పట్టుకెళ్లండి. ఫిజియోథెరపిస్టుకు మీరు చెప్పేదానికన్నా ఆ అంకెలే ఎక్కువ పనికొస్తాయి.