రోజూ బైబిల్ చదువుతున్నా మార్పు లేదు, నేను రాతినేలనా?

ఏడాదిగా రోజూ వాక్యం చదువుతున్నా నాలో ఏమీ మారట్లేదు, విత్తువాని ఉపమానంలో (విత్తనాలు దారి పక్కన, రాతినేల మీద, ముళ్లలో, మంచి నేలలో పడతాయని యేసు చెప్పిన కథ) చెప్పిన రాతినేల నేనేనేమో, విత్తనపు కానుక, అంటే పంట కోసం విత్తినట్టు ఆశీర్వాదం కోసం ఇచ్చే డబ్బు, ఇస్తే వాక్యం ఫలిస్తుందని ఒకరు చెప్పారు, ఇవ్వాలా అని మీరు అడిగారు. కానుక సంగతి తర్వాత, ముందు రాతినేల గురించి చెప్తాను.

మీరు రాతినేల అని నాకైతే అనిపించట్లేదు. మార్కు 4వ అధ్యాయం ఇంకోసారి నెమ్మదిగా చదవండి. రాతినేల మీద పడ్డ గింజ మొలవడానికి ఆలస్యం చేయదు, వెంటనే మొలుస్తుంది, అక్కడ మన్ను లోతుగా లేదు కాబట్టి. గలిలయ కొండ ప్రాంతంలో సున్నపురాతి మీద మన్ను పలచగా పరుచుకున్న చోట్లు ఉంటాయి, పైనుంచి చూస్తే మామూలు పొలమే, ఎండ ముదిరితే గానీ తేడా తెలియదు. యేసు చెప్పిన మనిషీ అంతే, వినగానే సంతోషంగా ఒప్పుకుంటాడు, వాక్యం కోసం శ్రమో హింసో వచ్చేసరికి వదిలేస్తాడు. పెద్దగా సంతోషం లేకపోయినా ఏడాదిగా వదలకుండా చదువుతున్న మీకు అది ఎలా సరిపోతుందండీ?

నన్నడిగితే మీరు చూసుకోవాల్సింది ముళ్లపొదల్ని. నాకు ఇది అనుభవమే. ఇంటి లోన్ టెన్షన్‌లో ఉన్న రోజుల్లో నేను ఒక్క పూట కూడా చదవడం మానలేదు, సండే స్కూల్లో పిల్లలకి ఇదే ఉపమానం చెప్పాను కూడా, కానీ చదువుతున్నంతసేపూ బుర్రలో వాయిదాల లెక్కలు నడుస్తూనే ఉండేవి, బైబిల్ మూసిన నిమిషానికి ఏం చదివానో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. అప్పుడు గమనించాను, రాతినేల మీద మొక్క ఎండిపోయిందని రాసి ఉంది, ముళ్లలో పడ్డదాని గురించి మాత్రం ముళ్లు దాన్ని అణచివేశాయి, అది ఫలించలేదు అని ఉంది. చూడ్డానికి మొక్క ఉన్నట్టే ఉంటుంది, గింజ పట్టదు. ఆ ముళ్లంటే ఏమిటో కూడా యేసే విడమరిచి చెప్పాడు: ఐహిక విచారాలు, ధనమోసం, ఇతరమైన అపేక్షలు. వీటిలో మొదటిది చాలామంది పాపం అని కూడా అనుకోరు, బాధ్యత అనుకుంటారు, అందుకే అది దర్జాగా పెరుగుతుంది.

పైగా నేల ఒకసారి అలా ఉంటే ఇక అంతే అని ఎక్కడా లేదు. యిర్మీయా 4:3 చూడండి, ముళ్లపొదల్లో విత్తనాలు చల్లకండి, మీ బీడుపొలాన్ని దున్నండి అని ఉంటుంది. దున్నమన్నాడంటే దున్నితే మారుతుందనేగా.

నేను చేసింది చాలా చిన్న పని. రోజుకి మూడేసి అధ్యాయాలు పూర్తిచేసే ప్లాన్ ఆపేసి, పది వచనాల్లోపు భాగం తీసుకుని రెండుసార్లు చదవడం మొదలుపెట్టాను, ఫోన్ వేరే గదిలో పెట్టి. చదివేముందు ఆ రోజు నన్ను తొలుస్తున్న విషయం ఒక కాగితం మీద రాసి, దాని గురించే ముందు ప్రార్థన చేసుకునేవాణ్ణి, ఎందుకంటే లేదని నటిస్తే అది మధ్యలో దూరుతుంది. చదివినదాంట్లో ఒక్క మాట ఇంట్లో వాళ్లతో మాట్లాడేవాణ్ణి. అప్పు తీరలేదు, కానీ డబ్బు మాట వస్తే ఇంట్లో వాళ్ల మీద విసుక్కోవడం తగ్గింది, అదీ నాకంటే ముందు మా ఆవిడే గమనించింది.

మార్పు మనకి కనబడకపోవడం కూడా వింతేం కాదు. అదే మార్కు 4లో, 26 నుంచి 29 వరకు, చిన్న ఉపమానం ఒకటుంది, ఎందుకో దాని మీద ప్రసంగాలు తక్కువే వింటాం. ఒకడు విత్తనం చల్లి రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, అది ఎలా పెరుగుతుందో వాడికి తెలియదు, భూమి తనంతట తానే మొదట మొలకని, తర్వాత వెన్నుని, ఆ తర్వాత వెన్నులో ముదురు గింజల్ని ఇస్తుంది. ఆ దేశంలో తొలకరికి చల్లిన గోధుమ కోతకు రావాలంటే దాదాపు ఆరు నెలలు పట్టేది. లూకా 8:15లో మంచి నేల గురించి కూడా ఓపికతో ఫలించేవారు అనే ఉంది.

ఇక కానుక. ఈ ఉపమానంలో విత్తనం దేవుని వాక్యమని లూకా 8:11 సూటిగా చెప్తుంది, డబ్బు కాదు. డబ్బు ప్రస్తావన వచ్చేది ముళ్లలోనే. విచిత్రం ఏమిటంటే మంచి నేల నూరంతలు ఫలిస్తుందనే మాట పట్టుకుని డబ్బు అడిగేవాళ్లు ఆ ధనమోసం అనే మాట దాటేస్తారు. కొంచెంగా విత్తేవాడు కొంచెంగా పంట కోస్తాడని 2 కొరింథీ 9:6 చూపిస్తారు, నిజమే, అక్కడున్నది డబ్బు సంగతే, కానీ ఆ ఉత్తరం రాసిన పౌలు పోగుచేస్తున్నది యెరూషలేములో బీదలైన విశ్వాసుల కోసం, అదీ సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమన్నాడు. మీకు ఇవ్వాలని ఉంటే అవసరంలో ఉన్నవాళ్లకి సంతోషంగా ఇవ్వండి. వాక్యం ఫలించడానికి ఫీజు కట్టమని ఎవరైనా అంటే మాత్రం ఇవ్వకండి.