బొమ్మలక్కకు ఉత్తరాలు: బర్రె పొట్ట ఎందుకు బిగబట్టింది?

పోయిన సంచికలో నా పెన్సిల్ బొమ్మలు నాలుగు వచ్చాయి. సెలైన్ ఎక్కించుకుంటున్న మర్రిచెట్టు, టైలర్‌కు కొలతలిస్తున్న బర్రె, నేలకు జానెడు ఎత్తున నడుస్తున్న మేక, ఇంటిని నెత్తిన పెట్టుకుని పోతున్న బస్సు. వాటి మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే మాట అడిగినవాటిని ఒక్కటిగా కలిపాను, ఏమీ అనుకోవద్దు.

*

అక్కా, మర్రిచెట్టును ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాలని మీకెట్లా తట్టింది? నేను కాగితం ముందు గంటలు గంటలు కూర్చున్నా ఒక్క ఊహా రాదు.
— డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

చెల్లె, ఆ బొమ్మలో సగం నాది కాదు. పాలమూరు పిల్లలమర్రికి నిజంగానే సెలైన్ ఎక్కించారు.

మహబూబ్‌నగర్ పట్టణం పక్కనే మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు అది. వయసు ఏడు వందల ఏళ్ల పైమాటే అంటారు. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే చెదలు లోపలిదాకా తినేశాయి. జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో అటవీశాఖ వాళ్లు చెదల్ని చంపే క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా చెట్టులోకి దింపారు. ఒకటీ రెండూ కాదు, వందల సీసాలు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టారు. పేపర్లో ఆ ఫోటో చూసి ముందు నవ్వాను, నవ్వుతుండగానే దిగులేసింది. ఒక విషయానికి రెండూ ఒకేసారి అయితే దాన్ని నేను వదలను.

నేను చేర్చింది ఒక్కటే, చూడవచ్చేవాళ్లను. సెలైన్ ఉందంటే మంచం ఉండాలి. మంచం ఉంటే చుట్టాలు రావాలి. చుట్టాలు వస్తే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టో కొబ్బరిబొండామో ఉండాలి. ఇక్కడ ఊహ పనికిరాదు, చూసి ఉండాలి. ఏ సర్కారు దవాఖానా వరండాలోనైనా అరగంట కూర్చో. మంచం కింద స్టీలు టిఫిన్ డబ్బా, దాని పక్కన చెప్పుల జత, పక్క మంచం రోగి మీద గుసగుసలు. "ఏం కాదు, మా మేనత్తకు గూడ గిట్లనే అయింది" అని ధైర్యం చెప్పే పెద్దాయన ఒకరు ప్రతి వార్డులోనూ ఉంటాడు. (ఆ మేనత్తకు తర్వాత ఏమైందో మాత్రం చెప్పడు.) నా బొమ్మలో మంచం పక్కన మెడ వంచి నిలబడ్డ కొంగ ఆయనే.

కాబట్టి ఖాళీ కాగితం ముందు కూర్చోకు. ఎక్కడో జరిగిన ఒక నిజాన్ని పట్టుకుని, 'ఇదే నిజమైతే పక్కన ఇంకేం ఉండాలి?' అని అడుగుతూ పో. అబద్ధం ఒక్కటే ఉండాలి, మిగతా మంచం, సీసా, చెప్పులు అన్నీ ఉన్నది ఉన్నట్టు గీయాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చెట్టుకు కళ్లు పెడతారు, ముక్కు పెడతారు, మబ్బుకు మీసాలు పెడతారు. అన్నీ వింతలే అయితే ఏదీ వింతగా అనిపించదు. పిల్లలమర్రికి నేను ముఖం గీయలేదు, గమనించావా?

*

ప్రకృతిని చూస్తే ఐడియాలు వస్తాయంటారు. నేను రోజూ బస్సులో నల్లగొండ వచ్చిపోతాను. దారి పొడుగునా గుట్టలు, గుండ్లు తప్ప ఏముంది మేడం?
— ప్రైవేటు ఉద్యోగి, నార్కట్‌పల్లి

గుండ్లు తప్ప ఏముందా! ఎవరికో సముద్రం ఉంది, ఇంకెవరికో మంచుకొండలున్నాయి, మనకు గుండ్లున్నాయి. మన గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడిన రాయి, పైపొరలన్నీ కొట్టుకుపోయాక బయటికి తేలింది. పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి, ఉల్లిగడ్డ పొరల్లా ఊడుతూ గుండ్రమైంది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి కానీ ఎవరూ పేర్చలేదు.

మరకలు పడ్డ గోడల్ని, రకరకాల రాళ్లను చూస్తూ ఉంటే కొండలు, యుద్ధాలు, ముఖాలు కనిపిస్తాయని లియొనార్డో డావిన్సీ ఐదు వందల ఏళ్ల కిందటే చిత్రకారులకు రాసిపెట్టాడు. ఆయన మన దేవరకొండ రోడ్డు మీద బస్సెక్కి ఉంటే ఏమయ్యేవాడో.

ఒక్కటి మాత్రం చెబుతాను. మొదట కనిపించిన ఏనుగును వదిలేయండి. ఆ ఏనుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అందరికీ కనిపిస్తుంది. తాబేలునూ వదిలేయండి. రాయి దేనిలా ఉందని కాకుండా, ఏం చేస్తోందని చూడండి. కొన్ని గుండ్లు పక్కదాని మీద ఒరిగి చాడీలు చెబుతుంటాయి. కొన్ని ఇప్పుడే లేద్దామా వద్దా అని ఆలోచిస్తుంటాయి. మీ ఊరి దగ్గరి చెరువుగట్టు మీద మూడు గుండ్ల సందులో దూరేటప్పుడు మనమంతా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని పక్కవాటుగా జరుగుతాం కదా. నేను దాన్ని తిప్పి గీశాను. జనం మామూలుగా నడిచిపోతున్నారు, గుండ్లే పొట్టలు లోపలికి లాక్కుని దారి ఇస్తున్నాయి.

*

బర్రె కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టిందని మా ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నాం. అది మీ సొంత ఆలోచనేనా?
— గృహిణి, మిర్యాలగూడ

మా నాయన షాపులో చూసింది. ఆయన టైలర్. టేపు నడుం చుట్టూ తిరగగానే పట్వారీ అయినా పాలమ్మే ఆయన అయినా పొట్ట లోపలికి లాగేవాళ్లు. మా నాయన ఏమీ అనకుండా రెండంగుళాలు కలిపి రాసుకునేవాడు. ఆ కలపడం ఆయన చెయ్యకపోతే ప్యాంటు గుండీలు నెల తిరగకముందే ఊడిపోయేవి.

నేను మూలన కూర్చుని ఖాకీ కాగితం ముక్కల మీద వాళ్ల ముఖాలు గీసేదాన్ని. ఊపిరి బిగబట్టిన మనిషి ముఖం చూశారా? కనుబొమ్మలు పైకి పోతాయి, చూపు ఎదురుగా క్యాలెండర్ మీద ఉంటుంది, మెడ కొంచెం పొడుగవుతుంది. అదంతా అట్లాగే తీసుకుని బర్రెకు పెట్టాను. మనిషిని గీసి ఉంటే ఆయన్ను వెక్కిరించినట్టు ఉండేది. బర్రె అయ్యేసరికి అందరూ తమను తాము చూసుకుని నవ్వుకుంటారు. జంతువుల్ని నేను ఎక్కువ గీయడానికి అది ఒక కారణం. ఇంకో కారణం, బర్రెలు వచ్చి గొడవ పెట్టుకోవు.

*

నా పెన్సిల్ బొమ్మల్లో నల్లగా చేసిన చోటల్లా మెరుపు వస్తోంది. ఫోటో తీస్తే తెల్లగా పడుతోంది. మంచి కంపెనీ పెన్సిల్ పేరు చెప్పండి అక్కా.
— ఇంటర్ విద్యార్థి, వనపర్తి

తమ్ముడూ, తప్పు కంపెనీది కాదు, నువ్వు నొక్కుతున్న తీరుది. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. ఈ రెండింటినీ కలిపి బట్టీలో కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన తెచ్చాడు, ఇప్పటికీ దాదాపు అదే దారి. మట్టి ఎక్కువైతే ములుకు గట్టిది, గీత లేత. అది హెచ్. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తన, నలుపు ఎక్కువ. అది బి. నడుమ ఉండేది కిరాణం షాపులో దొరికే హెచ్‌బి.

నువ్వు హెచ్‌బితోనే నలుపు రావాలని గట్టిగా రుద్దుతున్నావు. గ్రాఫైటు సన్న పలకలుగా ఉంటుంది. రుద్దేకొద్దీ ఆ పలకలన్నీ బల్లపరుపుగా పడుకుని వెలుతురును తిప్పికొడతాయి. కాగితం గరుకు కూడా అణిగిపోతుంది, ఆ తర్వాత ఏం పూసినా పట్టదు. లేతగా హెచ్‌బితో మొదలుపెట్టి, నీడలకు 2బి, లోతైన చోట 4బి, 6బి. ప్రతిసారీ తేలికగా, పొర మీద పొర. గాఢమైన నలుపు తప్పనిసరైతే ఆ కాస్త చోట చార్‌కోల్ పెన్సిల్ వాడు, అది మెరవదు. నోట్‌బుక్ కాగితం ఇన్ని పొరలు ఓర్చుకోదు, కాస్త మందం, గరుకు ఉన్న కార్ట్రిడ్జ్ షీటు కొనుక్కో. అరచేయి కింద తెల్లకాగితం పెట్టుకో, లేకపోతే పూర్తయిన బొమ్మను నీ చెయ్యే చెరిపేస్తుంది. ఫోటో బల్బు కింద కాదు, పొద్దున కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట తియ్యి.

*

అమ్మా, మీ మేకకు రెక్కలు లేవు, తాడు లేదు. అయినా గాల్లో నడుస్తోందని చూడగానే తెలుస్తోంది. ఎట్లా?
— రిటైర్డ్ ఉద్యోగి, నల్లగొండ

సార్, అది నీడ చేసిన పని. మేకను మామూలుగా నిలబెట్టి గీశాను. నీడను మాత్రం కాళ్లకు అంటించకుండా కొంచెం కిందికి జరిపాను. అంతే, మేక లేచింది. కాళ్లకు ఆనుకున్న నీడ అంచు పదునుగా ఉంటుంది, వస్తువు నేలకు దూరమయ్యేకొద్దీ అంచు మసకబారుతుంది. అందుకే నీడ చుట్టూ గీత గీయకుండా 2బితో మెల్లగా కలిపేశాను. అంచు పదునుగా ఉంచి ఉంటే మేక కింద నల్లగుడ్డ పరిచినట్టు కనిపించేది.

నీడల పిచ్చి నాకు పానగల్లులో పట్టుకుంది. మీకు చెప్పాల్సిన పని లేదు, ఛాయా సోమేశ్వరాలయం మీ ఊరిదే. కుందూరు చోళుల కాలం నాటి గుడి, మూడు గర్భగుళ్లు. అందులో ఒకదాంట్లో లింగం వెనక నిలువుగా నీడ పడుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు. ఎదురుగా చూస్తే ఆ నీడ వేసే స్తంభం ఉండదు. బయటి స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురుతో పడుతున్న నీడ అది. సూర్యుడు ఆకాశమంతా తిరుగుతున్నా ఇది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎప్పుడు పోయినా నేను ముందు దాన్నే చూస్తాను, తర్వాతే దండం. అక్కణ్నుంచి వచ్చిన బొమ్మ ఇంకొకటి ఉంది. సాయంత్రం అయిదైంది, ఆఫీసు మూసేశారు, గుమస్తా ఇంటికి పోతున్నాడు, ఆయన నీడ మాత్రం కుర్చీలోనే కూర్చుని ఫైలు చూస్తోంది. మీరు చేసిన ఉద్యోగం ఏదో తెలియదు, కానీ ఆ నీడను మీరు గుర్తుపడతారని అనుకుంటున్నాను.

*

మా అమ్మానాయన ముంబై పనికి పోయిన బస్సుల్లో నేనూ పోయిన. పాలమూరు వలస మీకు తమాషాగా ఉందా మేడం? ఇల్లు మోసే బస్సు చూసి కోపం వచ్చింది.
— పాఠకుడు, నారాయణపేట

బస్సును ఇంకోసారి చూడండి అని మిమ్మల్ని అడగను. ఎట్లా గీశానో చెబుతాను, కోపం ఉంచుకోవాలో వద్దో మీ ఇష్టం.

మహబూబ్‌నగర్ బస్టాండులో ఒక కుటుంబం సామాను బస్సు మీదికి ఎక్కిస్తున్నారు. బియ్యం మూట, పరుపుల చుట్ట, పొయ్యి, బిందెలు, గంపలో కోడి, చివరికి పిల్లవాడి పలక. చూస్తుంటే ఇక ఎక్కించడానికి ఇల్లొక్కటే మిగిలింది అనిపించింది. అదే గీశాను. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, దండెం మీద బట్టలు, అరుగు మీద ముసలమ్మ. మీకు తెలుసు, నిజంలో ఆ ముసలమ్మ ఊర్లోనే ఉండిపోతుంది. రోజూ గడపలో కూర్చుని ఫోను కోసం చూస్తుంది. బొమ్మలో ఆమెను వదిలేసి పోవడానికి నాకు చెయ్యి రాలేదు.

నవ్వు ఎవరి మీద పడుతుందో చూసుకుంటాను. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లకు వంగిపోయిన మనుషుల మీద 'కొంచెం వెరైటీగా' ఒక బొమ్మ కావాలని ఒక పత్రిక అడిగింది. వెయ్యను అన్నాను. ఆ నీళ్లిచ్చే బోరును గీస్తానంటే వాళ్లు వద్దన్నారు. బస్సు బొమ్మలో నవ్వు బరువు మోసేవాళ్ల మీద పడలేదనే నా నమ్మకం. మీకు పడినట్టు అనిపించిందంటే నేను చెప్పే కారణాలు దాన్ని తీసెయ్యలేవు. మీ ఉత్తరం నా బల్ల దగ్గరే ఉంది.

*

మా బాబు నాలుగో తరగతి. లెక్కల నోట్‌బుక్ నిండా కొమ్ముల బస్సులు, తోకల మనుషులు. టీచర్ కంప్లైంట్. డ్రాయింగ్ క్లాసులో చేర్పించాలా?
— ఒక తల్లి, జడ్చర్ల

లెక్కల నోట్‌బుక్ టీచర్‌ది, ఆమె మాట ఆమెకు నెగ్గనివ్వండి. బాబుకు జిరాక్స్ సెంటర్‌లో ఒకవైపు పాడైన కాగితాలు అడిగి తెచ్చి, కట్టగా కుట్టి ఇవ్వండి. డ్రాయింగ్ క్లాసుకు తొందరేం లేదు. చాలా క్లాసుల్లో పిల్లలందరి చేతా అదే రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద గుడిసె, నది గీయిస్తారు. మన దగ్గర కొండలూ సూర్యుడూ సరే, ఆ నది ఎక్కణ్నుంచి వస్తోందని ఒక్క సారూ అడగడు. బొమ్మ తెచ్చి చూపిస్తే 'బాగుంది' అని పంపెయ్యకుండా, ఆ కొమ్ముల బస్సు దేనితో పోట్లాడుతుందో అడగండి. మీకు సాయంత్రం పూట టీవీ అక్కర్లేదు.

*

మీరు రబ్బరు వాడతారా?
— పేరు రాయలేదు, సూర్యాపేట

వాడతాను. తప్పులు చెరపడానికి తక్కువ, వెలుతురు గీయడానికి ఎక్కువ. బర్రె కొమ్ము మీద మెరుపు, మేక కంటిలో చుక్క రబ్బరు మూలతో వేసినవే.

*

అక్కా, దసరా సంచికలో మీరు ఆటోకు చక్రాల బదులు కోడికాళ్లు పెట్టారు కదా. మరి పంక్చర్ అయితే ఎట్లా?
— ఆరో తరగతి, అచ్చంపేట

మంచి ప్రశ్న అడిగావురా! ఆ బొమ్మ గీసేటప్పుడు నాకు ఈ సంగతే తట్టలేదు. పంక్చర్ కాదు, తుమ్మముల్లు గుచ్చుకుంటుంది. అప్పుడు ఆటో ఒంటికాలి మీద నిలబడుతుంది. డ్రైవర్ దిగి పిన్నీసుతో ముల్లు తీసి పసుపు రాస్తాడు. లోపల ప్యాసింజర్లు అంతా ఒకవైపు జారి, "జల్ది కానియ్యన్నా, కాలేజీ టైమైతుంది" అంటుంటారు. డీజిల్ ఖర్చు లేదు, నూకలు చాలు. పొద్దున నాలుగింటికి హారన్ దానంతటదే మోగుతుంది, దానికి మందు లేదు. బ్రేకు ఎట్లా వేస్తారో మాత్రం నువ్వే గీసి పంపు.