స్పామ్‌ని సర్వర్‌లో ఆపాలా, కంప్యూటర్‌లోనా?

ప్రశ్న: తెనాలిలో మాకు ప్రింటింగ్ ప్రెస్ ఉంది. సొంత డొమైన్ మీద మెయిల్, ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్ చూసుకోవడానికి థండర్‌బర్డ్ సాఫ్ట్‌వేర్. చెత్త మెయిళ్ళు ఏరిపారేయడానికే పొద్దంతా సరిపోతోంది. హోస్టింగ్ వాళ్ళు సర్వర్‌లో స్పామ్ ఫిల్టర్ పెట్టుకోమంటున్నారు. మా అబ్బాయేమో థండర్‌బర్డ్‌లో ఉన్నది చాలంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండు: మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దింపుకునే పాప్3, సర్వర్‌లోని ఫోల్డర్లను ఉన్నవున్నట్టు చూపే ఐమ్యాప్. ముందు మీది ఏదో చూడండి. థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. పాప్ అయితే ఇన్‌బాక్స్ ఒక్కటే మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. సర్వర్‌లోని స్పామ్ ఫోల్డర్ కనిపించనే కనిపించదు. ఈ దెబ్బ నేను తిన్నాను. మా ఆఫీసుకు ఒక సప్లయర్ కొటేషన్ రావాలి. ఎంతకీ రాకపోతే ఫోన్ చేసి ఆయన మీద కోప్పడ్డాను కూడా. తీరా బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిస్తే, 11 రోజుల కిందటే వచ్చి స్పామ్‌లో పడి ఉంది. అప్పటికే టెండరు గడువు దాటిపోయింది.

అలాగని సర్వర్ ఫిల్టర్ వద్దనను. మెయిల్ ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో పంపిన యంత్రం నంబరు) నుంచి వచ్చిందో, మెయిల్‌లో చూపిన డొమైన్ పేరుతో పంపే హక్కు దానికి ఉందో లేదో చూసి గుమ్మంలోనే తిప్పి పంపగలిగేది సర్వరే. ఫోన్‌లోకీ ఆ చెత్త రాదు. కంప్యూటర్‌లోని ఫిల్టర్ ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది.

కానీ మీది ప్రెస్. ఆషాఢం వస్తే బట్టల షాపుల వాళ్ళు కరపత్రం మ్యాటర్ పంపుతారు: ‘50 శాతం తగ్గింపు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, త్వరపడండి’. అందరి మెయిళ్ళనూ ఒకే కొలతతో చూసే సర్వర్‌కి అది స్పామ్‌లాగే కనిపించవచ్చు. మీకది ఆర్డరు! ఇక్కడ మీ అబ్బాయి మాట నిజం. మీ మంచి మెయిళ్ళలో ఏ మాట ఎంత తరచుగా వస్తోంది, చెత్తలో ఎంత అన్న లెక్క మీద థండర్‌బర్డ్ నేర్చుకుంటుంది. అందుకే చెత్తను ‘జంక్’ అంటే సరిపోదు, మంచివాటిని ‘జంక్ కాదు’ అని కూడా చెప్పాలి. చాలామంది ఈ రెండోది చేయరు.

కాబట్టి రెండూ పెట్టుకోండి. సర్వర్‌లో ఉన్నది స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్ అయితే, చెత్త లక్షణాలకు మార్కులు వేసి, మామూలుగా 5 గానీ అంతకు మించి గానీ వచ్చిన మెయిల్‌కి స్పామ్ అని ముద్ర వేస్తుంది. వేయనివ్వండి. ఆటో డిలీట్ మాత్రం ఆన్ చేయొద్దు. పాత అకౌంట్ తీసేయకుండానే ఐమ్యాప్‌తో కొత్తగా కలుపుకోండి, స్పామ్ ఫోల్డర్ కూడా కళ్ళెదుటే ఉంటుంది. ఆషాఢం ఆఫర్ల రోజుల్లో పూటకోసారి దాన్ని తెరిచి చూడండి.