డీసీపీ తగ్గించాక గుడ్డు పెంకు ఎందుకు పలచబడింది?

ప్రశ్న: మా లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారంలో మాష్ (పొడి) దాణా సొంతంగానే ఆడించుకుంటాం. మొక్కజొన్న ధర పెరిగాక నూకలు, నూనె తీసిన తవుడు ఎక్కువ వేస్తున్నాం. గ్రాముకు 5,000 యూనిట్ల ఫైటేజ్ ఎంజైమ్ తెచ్చి టన్నుకు 100 గ్రాములు కలిపి, డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్) 10 కిలోలు తగ్గించాం. కొద్ది వారాలకే పెంకు పలచబడి, పగిలిన గుడ్లు పెరిగాయి. ఎంజైమ్ నకిలీదా?
– ఒక రైతు, ఆనందపురం, విశాఖపట్నం

జవాబు: నకిలీ అని తేల్చే ముందు మీ లెక్క చూడండి. టన్నుకు 100 గ్రాములంటే కిలో దాణాకు 500 యూనిట్లు. ఆ మోతాదు సరిపోతుంది, లేయర్లకు 300 యూనిట్లతోనే చాలామంది నడిపిస్తారు. తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉండి కోడికి అందదు, దాన్ని విడగొట్టడమే ఈ ఎంజైమ్ పని. దానివల్ల కలిసొచ్చే భాస్వరం సుమారు 0.1 శాతం, అంటే టన్నుకు ఒక కిలో. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి తగ్గించాల్సింది అయిదున్నర కిలోలే. మీరు దాదాపు రెట్టింపు తీసేశారు.

అసలు దెబ్బ కాల్షియం దగ్గర తగిలి ఉంటుంది. 10 కిలోల డీసీపీతో పాటు సుమారు 2.3 కిలోల కాల్షియం కూడా పోయింది. దాన్ని పూడ్చాలంటే సున్నపురాయి పొడి లేదా గ్రిట్ (సున్నపురాయి ముక్కలు) ఆరు కిలోలు అదనంగా వేయాలి. కంపెనీ పట్టికలో కాల్షియం కూడా ఆదా అవుతుందని రాసి ఉంటే, గుడ్లు పెట్టే కోళ్లకు ఆ అంకెను నమ్ముకుని కోత పెట్టకండి. పెంకు కట్టేది రాత్రిపూట. సగానికి పైగా కాల్షియం ముతక గ్రిట్ రూపంలో, సాయంత్రం మేతలో అందితే పెంకు గట్టిపడుతుంది. ఎండాకాలంలో కోళ్లు రొప్పినా పెంకు పలచబడుతుంది, ఆ కారణాన్నీ చూసుకోండి.

ఇక కలిపే తీరు. 100 గ్రాములు నేరుగా మిక్సర్‌లో వేస్తే ఒక బస్తాకు ఎక్కువ, మరో బస్తాకు అసలు లేకుండా పోతుంది. ముందు కిలో మెత్తటి మొక్కజొన్న పిండిలో, తర్వాత పది కిలోల దాణాలో కలిపి, మిక్సర్ సగం నిండాక వేయండి. కోలిన్ క్లోరైడ్, ఖనిజ మిశ్రమంతో ముందే కలిపి నిల్వ ఉంచొద్దు. కోలిన్ తేమను లాగుతుంది, తడి తగిలితే ఎంజైమ్ శక్తి తగ్గుతుంది. విశాఖ సముద్రపు గాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. విప్పిన ప్యాకెట్‌ను బిగించి చల్లటి చోట పెట్టండి. మాష్‌కు వేడి బెడద లేదు. పెల్లెట్ (గుళికల దాణా) చేసేవాళ్లు మాత్రం 80 డిగ్రీల పైన వేడిని తట్టుకునే రకమే అడగాలి. ఇవన్నీ సరిచేశాక కూడా అనుమానం ఉంటే సీలు విప్పని ప్యాకెట్‌ను ఎంజైమ్ శక్తిని కొలిచే యాక్టివిటీ పరీక్షకు పంపండి.

ప్రశ్న: ఇదే ఫైటేజ్ పొడి పాడి గేదెలకు కలపవచ్చా?
– పద్మనాభం నుంచి ఒక పాడి రైతు

జవాబు: అక్కర్లేదు. గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే ఫైటేజ్ తయారు చేస్తాయి. పీచును అరిగించే ఎంజైమ్‌ల ఫలితాలు కూడా ఒక్కో చోట ఒక్కోలా వస్తున్నాయి. ఆ డబ్బుతో రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, ముక్కలు చేసిన పచ్చిమేత ఇవ్వండి.