డిస్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అట్టపెట్టెల్లో మూలుగుతున్న సినిమా డిస్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుంటున్నానని, అందుకు ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావని అడిగావు. కొనే సంగతి తర్వాత. ముందు ఏ డిస్కు బయటికి తీయాలో చెప్పనీ.

మొదట తీయాల్సింది సినిమా కాదురా, మీ అమ్మానాన్నల పెళ్లి డిస్కు. టేపు మీద నుంచి ఎక్కించింది ఒకటే కాపీ ఉందని అక్క అంటుండేది. కొన్న సినిమా డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంటలుగా అచ్చుపడి ఉంటుంది. స్టూడియోలోనో ఇంట్లోనో రాసిన డిస్కులో అయితే అది సాధారణంగా ఒక పల్చటి రంగు పొరలో ఉంటుంది. వెలుతురుకీ వేడికీ ఆ పొర చెడిపోతుంది. మా నాన్నగారి గొంతు ఉన్న ఒకే ఒక్క డిస్కుని నేను చాలా ఆలస్యంగా తీశాను. డ్రైవ్ గుయ్యిమని తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది, సగం కాకముందే చేతులెత్తేసింది. మెత్తటి బట్టతో తుడిచాను. నువ్వూ తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడువు. గుండ్రంగా తుడిస్తే ట్రాక్ వెంబడే గీత పడొచ్చు, అలాంటి గీతని దాటడం డ్రైవ్‌కి కష్టం. తర్వాత వేరే డ్రైవ్‌లో పెట్టి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని రాత్రంతా నడిపాను. అది చదవగలిగిన చోటల్లా ముందు చదివేసి, మొండికేసిన ముక్కల దగ్గరికి తర్వాత మళ్లీ వస్తుంది. చివరి నాలుగు నిమిషాలు మాత్రం రాలేదు. అందులోనే ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక కొన్న సినిమాలు. వాటిలో చాలావాటికి కాపీ కాకుండా ఆపే తాళం ఉంటుంది. డీవీడీల తాళం పేరు సీఎస్ఎస్. దాన్ని విప్పే ప్రోగ్రామ్ 1999లోనే బయటికొచ్చింది. అందులో పాలుపంచుకున్న నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సెన్ మీద కేసు పెడితే, 2003లో అక్కడి కోర్టు నిర్దోషి అంది. అది చూపించి, మన డిస్కు మన ఇష్టం అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. కానీ అమెరికాలో 1998 చట్టం ప్రకారం తాళం విప్పడమే వేరే తప్పు, డిస్కు నువ్వు డబ్బు పెట్టి కొన్నదైనా సరే. డీవీడీలను కంప్యూటర్‌లో దాచుకోవడానికి తెచ్చిన రియల్‌డీవీడీ అనే ప్రోగ్రామ్ అమ్మకాన్ని అక్కడి కోర్టు 2009లో ఆపేసింది. బ్రిటన్ 2014లో సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని అంది, 2015లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి నువ్వుండే దేశంలో చట్టం ఇవాళ ఏమంటోందో చూసుకుని మొదలుపెట్టు. ఎవరో అన్న మాట మీద వెళ్లకు. కాపీ చేశాక డిస్కులు అమ్మేయకు, పంచిపెట్టకు కూడా.

సాఫ్ట్‌వేర్ గురించి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది చెప్తాను. లైఫ్‌టైమ్ లైసెన్స్ అని ఒక ప్రోగ్రామ్ కొన్నాను. అది సినిమాలను తన సొంత ఫార్మాట్‌లో దాచేది. మూడేళ్లకి నా కంప్యూటర్ కాలిపోయింది. కొత్తదాంట్లో వేస్తే, ఈ లైసెన్స్ కీ ఇప్పటికే వేరే మెషీన్‌లో వాడుకలో ఉంది అంది. పాత మెషీన్‌లో డీయాక్టివేట్ చేసి రమ్మంటారు, ఆ మెషీన్ ఉంటే కదా! రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. హార్డ్‌డిస్కు నిండా సినిమాలు, తెరిచే దారి లేదు. మనం డబ్బిచ్చి కొనేది ప్రోగ్రామ్‌ని కాదు, ఫలానా షరతుల మీద వాడుకునే అనుమతిని. ఆ షరతులు చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కింది నేనే.

అందుకని డబ్బు కట్టే ముందు ఎన్ని మెషీన్‌లలో వేసుకోవచ్చో, పాతది పోతే లైసెన్స్ కొత్తదానికి మారుతుందో లేదో, లైఫ్‌టైమ్ అంటే ఈ వెర్షన్‌కా రాబోయేవాటికి కూడానా, నెట్ లేకపోతే తెరుచుకుంటుందా చూడు. వీటన్నిటికంటే ముఖ్యం, అది రాసే ఫైల్ వేరే ప్లేయర్‌లో ఆడాలి. నా మటుకు నేను వీడియోలు ఆడించే వీఎల్‌సీ, వాటిని చిన్నవి చేసే హ్యాండ్‌బ్రేక్, దాచినవాటిని ఇంట్లో టీవీకీ ఫోన్‌కీ అందించే జెల్లీఫిన్ దాటి వెళ్లను. మూడూ సోర్స్ కోడ్‌తో సహా ఉచితం, కీ అడగవు, రేపు తయారుచేసేవాళ్లు మానేసినా నీ దగ్గరున్న కాపీ నడుస్తూనే ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ తాళాలు విప్పదు, తాళం లేని వీడియోని చిన్నది చేసి పెడుతుంది, అంతే.

చోటు గురించి టెన్షన్ పడకు. డీవీడీ ఒక పొరదైతే 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5 జీబీ. 4 టీబీ హార్డ్‌డిస్కులో నిండు డీవీడీలే 400 పైన పడతాయి. 50 జీబీ బ్లూ-రేలు అయితే 80 కూడా పట్టవు. డీవీడీని చిన్నది చేసి అసలుది చెరిపేయకు. చిన్నది చేయకుండా ఉన్నదున్నట్టు ఎంకేవీ రకం ఫైల్‌లో పెడితే బొమ్మ నాణ్యత తగ్గదు, సబ్‌టైటిల్స్, రెండో భాష ఆడియో అన్నీ అందులోనే ఉంటాయి. ఇంకొకటి, వేరే దేశం డిస్కు పెట్టినప్పుడు డ్రైవ్ రీజియన్ (ఏ ప్రాంతపు డిస్కులు ఆడాలో చెప్పే అమరిక) మార్చమంటే తొందరపడి నొక్కకు. ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి ఏది పెడితే అదే ఖాయం.

రెండు హార్డ్‌డిస్కులు కొనుక్కో. రెండోది వేరే ఇంట్లో ఉండాలి. రెండు హార్డ్‌డిస్కుల్లో ఒకేసారి ఒకటే రాసే రెయిడ్ పెట్టానులే అనకు, పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపావంటే రెండు చోట్లా చెరిగిపోతుంది.

ఈ ఆదివారం పెళ్లి డిస్కు పెట్టి చూడు. ఎక్కకపోతే అదే పనిగా తిప్పకు, డిస్కు నాకు పంపు. నా దగ్గర మూడు పాత డ్రైవ్‌లున్నాయి, ఏదో ఒకటి చదువుతుందేమో చూద్దాం.

నీ మామయ్య